నేను చూసిన పగడాల దిబ్బ

అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు. నాది ఎంత బాగా అతికిందంటే, పందొమ్మిదేళ్లు ఊడలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో నేను జాగ్రఫీ చెబుతాను. మెట్రో మెట్లు దిగి, చెప్పుల దుకాణానికీ టిఫిన్ సెంటర్‌కూ మధ్య సందులో మూడో అంతస్తు ఎక్కితే మా క్లాసు. కానిస్టేబుల్ పరీక్ష నుంచి గ్రూప్ వన్ దాకా దేనికి చదివేవాళ్లయినా నా ముందు కూర్చుని వెళ్లాల్సిందే. నైలు నది ఎక్కడ పుట్టిందో, అమెజాన్ అడవిలో చెట్లు ఎన్ని అంతస్తులుగా పెరుగుతాయో కళ్లు మూసుకుని చెప్పగలను. కళ్లు తెరిచి చూసిన నది మాత్రం మూసీ ఒక్కటే. అది కూడా సిటీ బస్సు కిటికీలోంచి, ముక్కు మూసుకుని.

నా పెళ్లిచూపులు హయత్‌నగర్‌లో అమ్మాయి వాళ్లింట్లో జరిగాయి. ఆమె తండ్రి బస్సు డిపోలో మెకానిక్. ఉప్మా, మైసూర్‌పాక్ అయ్యాక పెద్దవాళ్లు మా ఇద్దరినీ డాబా మీదికి పంపించి మాట్లాడుకోమన్నారు. జీతమెంత, తాగుడుందా, సొంత ఇల్లు కట్టే ఆలోచన ఉందా అనే మూడు ప్రశ్నలకు జవాబులు తయారుచేసుకుని వెళ్లాను. ఆమె ఆ మూడింట్లో ఒక్కటీ అడగలేదు.

"మీరు జాగ్రఫీ సార్ గదా. సముద్రం చూసిన్రా?" అంది.

లేదు అంటే సరిపోయేది. కానీ ఆమె అడిగిన తీరు చూశాక అలా అనబుద్ధి కాలేదు. డాబా మీది గోడ పట్టుకుని, సముద్రం ఆ గోడ అవతలే ఉన్నట్టు అడిగింది. పైగా ఆ పొద్దున్నే క్లాసులో పగడపు దిబ్బల పాఠం చెప్పి వచ్చాను. నాలుక మీద ఇంకా తడి ఆరలేదు.

"చూసుడేంది, లోపలికి దిగి చూసిన," అన్నాను. "దోస్తులతోటి అండమాన్ పోయిన. నీళ్లల్ల మునిగి పగడాల దిబ్బ గూడ చూసిన."

"నిజంగ?" అంది. ఆ కళ్లు అంత పెద్దవవుతాయని నాకు తెలియదు. తెలిసి ఉంటే హిమాలయాలు కూడా ఎక్కి ఉండేవాణ్ణి.

పెళ్లయిన మొదటి నెలలో చెప్పింది. నాకంటే ముందు ఒక సర్కారు ఉద్యోగస్తుడు వచ్చి చూసి వెళ్లాడట. అతన్నీ అదే ప్రశ్న అడిగితే "సముద్రంల ఏముంటది, ఉప్పు నీళ్లు" అన్నాడట. అందుకే వద్దన్నదట. నేను ఏ పునాది మీద కాపురం పెట్టానో ఆ రోజు అర్థమైంది. అది కదిలితే పైనున్నదంతా ఏమవుతుందో ఆలోచించే ధైర్యం లేక, దాని మీద ఇంకో రెండు అంతస్తులు లేపాను.

మొదటి అంతస్తు ఇంట్లో. ఫొటోలు ఏవని ఆమె అడిగితే కెమెరా నీళ్లలో పడిపోయిందన్నాను. రెండోది క్లాసులో. పగడపు దిబ్బల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు వదిలేసి, బల్ల అంచున కూర్చుని, "నేను అండమాన్ పోయినప్పుడు" అని మొదలుపెట్టేవాణ్ణి. ఒక ఏడు అందులోకి ఒక తాబేలు వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకూ తెలియదు, నిద్రపోతున్న వెనక బెంచీల కోసం వచ్చి ఉంటుంది. మరుసటి ఏడు ఆ తాబేలు నా కళ్లలోకి చూసింది. ఆ పైఏడు నా భుజం రాసుకుంటూ వెళ్లింది. మా పిల్లల నోట్సులు కింద జిరాక్స్ దుకాణాల్లో బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు చేతులు మారుతుంటాయి. ఇక నేను మర్చిపోయినా వాళ్లు మర్చిపోనిచ్చేవాళ్లు కాదు. "సార్, తాబేలు రాలే ఇంక," అని గుర్తుచేసేవాళ్లు.

పోయిన ఏడాది మా అమ్మాయి ఇంటర్‌లో చేరి హాస్టల్‌కు వెళ్లింది. ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంట్లో ఇద్దరం మిగిలాం. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక ఆదివారం మిషన్ మీద నుంచి లేవకుండానే, దారం పళ్లతో కొరికి చెప్పింది.

"అండమాన్‌కు టికెట్లు తీసుకున్న."

"ఎవరికి?"

"మనకే. శానా చవకగ ఒచ్చినయ్. మీరు చూసిన జాగ నాగ్గూడ చూపెట్టున్రి."

నా చేతిలో చాయ్ కప్పు ఉంది. అది కింద పడలేదు కానీ, పడి ఉంటే కాస్త ఆలోచించుకోవడానికి టైము దొరికేది. టికెట్లు ఏ నెలకు అని అడిగాను. నడి వానాకాలానికి. అందుకే చవక. నైరుతి రుతుపవనాలు మన దేశంలో మొట్టమొదట తాకేది అండమాన్ దీవులనే అని ఇరవై ఏళ్లుగా డిక్టేట్ చేస్తున్న మనిషిని నేను. ఆ నెలలో పోతే గొడుగు తప్ప ఏమీ చూడలేమని చెప్పడం నా ధర్మం. చెప్పలేదు. ఆ వానే నన్ను కాపాడుతుందని, సముద్రం దగ్గరికి ఎవరినీ పోనివ్వరని లోలోపల లెక్క వేసుకుని, "మంచి నెలే," అన్నాను.

తయారీ మొదలైంది. ఆమె తయారీ మిషన్ మీద. ఈత బట్టలు దుకాణంలో చూసి, వాటి కోతా నచ్చక, కుట్టూ నచ్చక, సాగే గుడ్డ కొనుక్కొచ్చి తనకొక నిండు చేతుల డ్రెస్సు, నాకొక నిక్కరు కుట్టింది. నిక్కరుకు రెండు జేబులు, వెనక ఒక జేబు. నీళ్లలోకి జేబులెందుకంటే, "ఉండనియ్యున్రి, మగోళ్ల బట్టకు జేబు లేకుంటె బాగుండదు," అంది. కొలతలు తీసుకుంటూ, "అప్పుడు ఏం తొడుక్కొని దిగిన్రు?" అని అడిగింది.

"లుంగీ," అన్నాను.

ఆమె నవ్వి నవ్వి టేపు కింద పడేసింది. నమ్మింది. నమ్మడమే కాదు, లుంగీలో సముద్రం దిగిన మొగుణ్ణి తలుచుకుని ఆ సాయంత్రమంతా మధ్య మధ్య నవ్వుకుంది.

నా తయారీ స్టాఫ్ రూంలో, తలుపు దగ్గరగా వేసుకుని. మూతికి గొట్టం, కళ్లకు అద్దం పెట్టుకుని నీళ్లపై బోర్లా తేలుతూ కిందికి చూడటాన్ని స్నార్కెలింగ్ అంటారు. ఆ వీడియోలన్నీ చూశాను. మేం దిగబోయే దీవిలో రోడ్లెన్ని, జెట్టీ నుంచి బజారు ఎటువైపు, ఏ తీరం దగ్గర దిబ్బ ఉంది, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పట్టాను. జీవితంలో ఏ పరీక్షకూ అంత చదవలేదు. అంత చదివి ఉంటే కోచింగ్ చెప్పే బదులు ఎక్కడో తహసీల్దారుగా ఉండేవాణ్ణి.

చవక టికెట్ అంటే సంచి బరువు కూడా చవకే. సకినాలు, చింత తొక్కు, చిన్న రైస్ కుక్కర్ పెట్టాక బట్టలకు చోటు మిగల్లేదు. కాబట్టి బట్టలు ఒంటి మీదే వేసుకున్నాం. మూడు చొక్కాలతో శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడితే, తనిఖీ చేసే అతను నన్ను రెండు సార్లు తడిమి, మూడోసారి జాలిగా చూసి వదిలేశాడు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ప్రైవేటు పడవల వైపు చూడకుండా సర్కారు ఓడ ఎక్కి, దిబ్బ ఉన్న చిన్న దీవికి చేరాం. వక్క తోట వెనక లాడ్జిలో అన్నిటికంటే చివరి గది మాది. ఆ గది గోడ మీద వంట చేయరాదని మూడు భాషల్లో రాసి ఉంది. తెలుగులో లేదు కాబట్టి మాకు వర్తించదని మా ఆవిడ కుక్కర్ పెట్టింది.

దారిలో ఏది కనిపించినా ఆమె, "ఇది మీరు చూసిందేనా?" అని అడిగేది. "అప్పుడు గిట్ల లేకుండె, అంత మారిపోయింది," అనేవాణ్ణి. ఈ ఒక్క వాక్యంతో రెండు రోజులు గడిపాను. ప్రపంచంలో ఏ ఊరికైనా పనికొచ్చే వాక్యం. ఎవరికైనా అవసరమైతే వాడుకోవచ్చు.

నేను నమ్ముకున్న వాన నన్ను మోసం చేసింది. మూడో రోజు పొద్దున లేచేసరికి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. దిబ్బ ఉన్న తీరానికి పడవలో పోవచ్చు, లేదా అడవిలో నడిచి పోవచ్చు. నడక చవక. దారి చూపడానికి ఒక గైడును తీసుకోవాలన్నారు. వచ్చినతను తెలుగువాడే. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. అడవిలో తోడు వచ్చేది, నీళ్లలో చెయ్యి పట్టుకునేది కూడా అతనే.

అడవిలో అడుగు పెట్టగానే నాలో సార్ లేచాడు. "ఇది ఉష్ణమండల వర్షారణ్యం. పైన చెట్ల కొమ్మలు గొడుగు లెక్క కమ్ముకుంటయ్. ఎండ కిందికి రాదు. అందుకని నేల మీద పొదలు పెరగవు, నడుచుడు అల్కగ ఉంటది," అని మా ఆవిడకు చెబుతున్నాను. ఆ వాక్యం పూర్తవకముందే ఒక ముళ్ల తీగ నా చొక్కా పట్టుకుంది. దాన్ని విడిపించుకుంటుంటే కుడి కాలు మోకాలి దాకా బురదలో దిగింది. కాలు వచ్చింది, చెప్పు రాలేదు.

"ఏటి సారూ," అన్నాడు గైడు చెప్పును చేత్తో పెరికి తీస్తూ, "ఆ పుస్తకం రాసినాయన ఈ దారంట రాలేదేటి?"

మా ఆవిడ చెట్టు పట్టుకుని నవ్వింది. ఆమె కాళ్లకు జలగలు పట్టలేదు, ముందే ఉప్పు మూట తెచ్చుకుంది. నాకు నాలుగు పట్టాయి. ఇంత లావు వేర్లు నేల మీద గోడల్లా లేచి ఉన్న చెట్ల మధ్య నుంచి నడుస్తుంటే, నేను బోర్డు మీద వేసే బొమ్మ ఎంత బీదదో తెలిసింది. నేను చాక్‌పీసుతో ఆ వేర్లను రెండు గీతల్లో తేల్చేస్తాను.

"సారు ఇంతకముందొచ్చారన్నారు గదమ్మా," అన్నాడు అతను మా ఆవిడతో. తర్వాత నా వైపు తిరిగాడు. "సునామీకి ముందా, తర్వాతా?"

నా నోట్‌బుక్‌లో ఈ ప్రశ్న లేదు. ముందు అంటే ప్రమాదం తక్కువ అనిపించి, "ముందు," అన్నాను.

"అయితే మీరు చూసిన దిబ్బ వేరండి. మా ఇల్లు కూడా అప్పుడే పోనాది," అని ముందుకు నడిచాడు. ఇల్లు పోయిన మనిషి ముందు, ఆ పోవడాన్ని నా అబద్ధానికి అడ్డం పెట్టుకున్నాను. ఒంటి మీద జలగలు పీకేసినా ఏదో పీలుస్తున్నట్టే ఉంది. అప్పుడే చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

అడవి ఒక్కసారిగా అయిపోయింది. ఎదురుగా సముద్రం. ఒడ్డున ఎండి తెల్లబడిన పెద్ద మానులు పడి ఉన్నాయి. మా ఆవిడ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నీళ్ల అంచు దాకా నడిచింది. నేనూ అలాంటి తీరాన్ని మొదటిసారి చూస్తున్నవాణ్ణే కాబట్టి నోరు తెరుచుకుపోయింది. కానీ రెండోసారి చూస్తున్నవాడిలా మూసుకోవాల్సి వచ్చింది.

గైడు మాకు లైఫ్ జాకెట్లు తొడిగాడు, కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దం బిగించాడు, నోట్లో గొట్టం పెట్టాడు. ఈత రాకపోయినా ఫర్వాలేదు, రబ్బరు ట్యూబు పట్టుకుంటే తను లాక్కుపోతానన్నాడు. నడుము లోతులో నేను ముఖం నీళ్లలో పెట్టాను. రెండు క్షణాల్లో అద్దం లోపల నీళ్లు నిండిపోయాయి. లేచాను. మళ్లీ పెట్టాను. మళ్లీ నిండాయి.

"మీసమండి," అన్నాడు. "అంత మీసముంటే అద్దం చర్మానికి అతకదు. సందులోంచి నీళ్లు దూరిపోతాయి."

నా మీసం గురించి చెప్పాలి. క్లాసులో నన్ను మీసాల సార్ అంటారు. పొట్టివాణ్ణి, గొంతు సన్నం, జీతం ఇంకా సన్నం. మనిషిలో కాస్త బరువున్న భాగం అదొక్కటే. అతను దాని నిండా వ్యాజిలీన్ పట్టించాడు. మళ్లీ దిగాను. ఈసారి నీళ్లు కాస్త ఆగి, నేను ధైర్యం చేసి ట్యూబు వదిలాక, ఒకేసారి వచ్చాయి. ముక్కులోకి, గొంతులోకి. చేతులు కొట్టుకుంటూ కాళ్లకు నేల కోసం వెతుకుతుంటే అతను అరిచాడు.

"కాలెట్టకండి సారూ! అది పేనమున్నది!"

పగడాలు ప్రాణులు, రాళ్లు కావు. ఇది బిట్ ప్రశ్న. ఒక మార్కు. ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. అలాంటి నేను రెండు కాళ్లతో దాని మీద నిలబడబోయాను. అతను నన్ను జాకెట్ పట్టుకుని ఒడ్డుకు ఈడ్చుకొచ్చాడు. ఉప్పు నీళ్లు కక్కుకుని, మా ఆవిడ వైపు చూసి, అంతటి స్థితిలో కూడా ఏమన్నానో వినండి.

"నేను చూసిందే గదా. నువ్వు పో."

ఆమె వెళ్లింది. జేబుల నిక్కరులో ఒడ్డున ఎండుమాను మీద కూర్చుని చూస్తున్నాను. నారింజ రంగు జాకెట్ కట్టుకున్న వీపు, దాని పక్కన గైడు తల. అలా దూరం పోయి చిన్న చుక్క అయింది. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అరగంట పైనే అయి ఉంటుంది.

వచ్చాక అద్దం తీసి పక్కన కూర్చుంది. కళ్ల చుట్టూ గుండ్రంగా గీత పడి ఉంది. ఎట్లుంది అని అడిగాను. సముద్రం వైపే చూస్తూ, ఎంతో మెత్తగా చెప్పింది.

"ఇన్నేండ్లు మీకు చెప్పొస్తలేదు అనుకున్న. ఎప్పుడడిగినా పుస్తకంల ఉన్నట్టే చెప్తరు, చూసినోళ్లు చెప్పినట్టుండదు. సార్ అయ్యి గింత గూడ చెప్పరాదా అని మనసుల నవ్వుకుంటుంటి. ఇప్పుడు చూస్తె తెల్సింది. ఇది ఎవ్వలకు చెప్పొస్తది?"

నిలదీసి ఉంటే ఇంకో అబద్ధం చెప్పేవాణ్ణి, నాకు అలవాటే. ఆమె నా తరఫున నాకే సాక్ష్యం చెప్పింది. దాన్ని తట్టుకోలేకపోయాను.

"నేను చూడలే," అన్నాను. "అప్పుడు రాలే ఈడికి. ఎన్నడు రాలే. సముద్రమే చూడలే. మొన్న ఓడెక్కినప్పుడే చూసుడు."

అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆమె జుట్టు పిండుకుంది. నేను తిట్లకు సిద్ధపడి కూర్చున్నాను. పెళ్లిచూపుల్లోనే మోసం చేసినవాడివి అంటుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"మా చెల్లెలోళ్లు వైజాగ్ పోయేటప్పుడు మనల్ని గూడ రమ్మన్నరు, యాదికున్నదా?" అంది. "మీరు అండమానే చూసిన్రు, గా బీచ్ మీకు ఏం ఆనుతది అని నేనే వద్దన్న. పాప బడి టూర్ సూర్యలంక బీచ్‌కు పోయినప్పుడు తల్లులు గూడ రావచ్చన్నరు. ఒక్కదాన్నే పోయి చూసుడేంది అని ఊకున్న. మా అమ్మ పోయినంక ఎటన్న పోవాలె అనిపించింది. సముద్రం కాడ కూసోవాలె అనిపించింది. చూసినోనికి మళ్లెందుకు ఖర్చు అని నోరు మూసుకున్న."

అక్కడితో ఆగి, "మీరు చూసిన్రు అని నేను ఆగిన," అంది.

నా అబద్ధం ఆమెకు ఒక సముద్రాన్ని ఇచ్చిందని ఇన్నేళ్లూ లోలోపల మురిసిపోయాను. నిజానికి ఆమెకూ సముద్రానికీ మధ్య పందొమ్మిదేళ్లు అడ్డంగా నిలబడింది అదే. వైజాగ్ విషయం నాకు గుర్తుంది. వాళ్లు పిలిచినప్పుడు, ఈమె వద్దన్నప్పుడు, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

తిరుగు దారిలో అడవి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. గదికి వచ్చాక బాత్రూంలోకి పోయి మీసం తీసేశాను. లాడ్జి సబ్బు, వాడేసిన బ్లేడు. రెండు చోట్ల తెగింది. బయటికి వస్తే ఆమె చూసి, "ఏందిది?" అంది. "రేపు దిగుతా," అన్నాను. ఆమె కొబ్బరి నూనె సీసా నా వైపు జరిపింది.

మర్నాడు తెల్లవారేసరికి వాన. నేను బతిమాలినన్నాళ్లూ రానిది, ఆ రోజు వచ్చింది. తీరంలో ఎర్ర జెండా కట్టి, ఎవరినీ నీళ్లలో దిగనివ్వలేదు. రెండు రోజులు అదే వాన. ఆ తర్వాత మా టికెట్లు. నేను పగడాల దిబ్బను చూడకుండా, మీసం లేకుండా ఎల్‌బీ నగర్‌లో దిగాను.

మనలో మగవాడి మీసం మాయమైందంటే ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఈ సంగతి బ్లేడు పట్టుకున్నప్పుడు నాకు తోచలేదు. మొదట మా వీధి చివరి ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి, "ఎవరు పోయిన్రు సార్? నాయనా?" అని అడిగాడు. టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీకి డబ్బులు తీసుకోలేదు. ఈ పరిస్థితుల్లో ఏం తీసుకుంటం అన్నాడు. మా సెంటర్లో లెక్కల సారు, నన్ను నేరుగా అడగడానికి నోరు రాక, పరామర్శించడానికి మా ఊరికి ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది మా నాయనే. "ఎవరు పోయిన్రు?" అని ఆయన కూడా కంగారుగా అడిగాడట.

క్లాసులోకి అడుగు పెట్టేసరికి నూట యాభై మంది లేచి నిలబడ్డారు. నేను కూర్చోమంటే కూర్చోలేదు. తలలు వంచుకున్నారు. ముందు బెంచీలో ఒకడు వాచీ చూసుకుంటున్నాడు. రెండు నిమిషాల మౌనం అని అర్థమయ్యేసరికి ఒక నిమిషం అయిపోయింది. మిగిలిన నిమిషంలో, బతికున్న మా నాయన కోసం నేను కూడా తల వంచుకుని నిలబడ్డాను.

"ఎవరు పోలే," అన్నాను చివరికి. "కూసోండ్రి. మీసం ఎందుకు తీసిన్నో చెప్తా."

బల్ల అంచున కూర్చోలేదు. నిలబడే చెప్పాను. డాబా మీద అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, ఎర్ర జెండా దాకా. పిల్లలు మొదట నవ్వారు. తర్వాత నవ్వలేదు. మూడో వరసలో, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి లేచింది. ఆమె చేతిలో అక్క నుంచి వచ్చిన జిరాక్స్ నోట్స్ ఉంది.

"మరి తాబేలు, సార్?"

"తాబేలు లేదమ్మ."

"కొట్టెయ్యాల్నా?"

"కొట్టెయ్."

కాగితాలు తిప్పిన చప్పుడు, తర్వాత పెన్నులు గీసిన చప్పుడు. నన్ను అంతగా సిగ్గుపడేలా చేసిన చప్పుడు ఇంకొకటి లేదు. వెనక నుంచి ఎవరో, "అయితే నిజంగ ఎట్లుంటది సార్?" అన్నారు. నాకు తెలియదన్నాను. మా ఇంట్లో ఆమె చూసింది, నేను చూడలేదన్నాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తెలియదు అని చెప్పడం అదే మొదలు. చాక్‌పీసు పక్కన పెట్టి, ఆ రోజుకు క్లాసు చాలించాను.

ఇంటికి వచ్చేసరికి ఆమె మిషన్ దగ్గర ఉంది. అండమాన్ నుంచి వచ్చి వారమైంది. అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, కానీ నీళ్ల అడుగున ఏం చూసిందో నాకు గానీ, చెల్లెలికి గానీ, హాస్టల్ నుంచి ఫోన్ చేసిన అమ్మాయికి గానీ ఒక్క మాట చెప్పలేదు. నేను అడిగే హక్కు పోగొట్టుకున్నానని అడగలేదు.

"క్లాసుల చెప్పేసిన," అన్నాను.

"అంతనా?"

"తాబేలుతోటి సహా."

ఆమె కాలు ఆగింది. సూది కింద గుడ్డ అలాగే ఉంది. కాసేపు నా బోసి మూతిని చూసి, ఎదురు కుర్చీ చూపించింది.

"ముందుగాల ఏం కనబడది," అంది. "మన ఊపిరి సప్పుడే. పక్కన ఎవరో పండుకొని గుర్రు పెట్టినట్టు. భయమైతది. జర సేపైనంక కింద కనబడ్తది. మీరు చెప్పే గులాబి రంగులు, ఎర్ర రంగులు లేవు. సగం తెల్లగ సచ్చిపోయున్నది. మిగిలింది బూడిద రంగు. మోసపోయిన్న అనిపించింది. అంతల కటకట అని ఇనొచ్చింది. ఏంది అని చూస్తె చేపలు, రాయి కొరుకుతున్నయ్. పచ్చ చేపలు, రెక్క అంచుకు నీలి పైపింగ్ కుట్టినట్టు. నేను గా రంగుకు గా రంగు ఎన్నడు కలపలే."

నేను జేబులోంచి పెన్ను తీశాను.

"రాసుకోకున్రి," అంది. "ఇనున్రి."

పెన్ను లోపల పెట్టాను. రాళ్ల మధ్య నోరు తెరుచుకుని ఉన్న ఇంత పెద్ద ఆల్చిప్ప గురించి చెప్పింది. దాని పెదవులు పట్టుచీర రంగులో ఉన్నాయట, తన నీడ పడగానే మెల్లగా మూసుకుందట. తన వల్ల మూసుకుందని బాధపడి, నీడ పడకుండా పక్కకు జరిగి, అది మళ్లీ తెరుచుకునే దాకా ఆగిందట. అందుకే అంత సేపు తల ఎత్తలేదట. చేతులతో చూపిస్తూ చెబుతోంది. జాకెట్లు అడగడానికి ఒకామె వచ్చి, తలుపు దగ్గర నిలబడి, కాసేపు విని, రేపొస్తానని వెళ్లిపోయింది. పెళ్లయ్యాక ఆమె అంతసేపు చెబుతుంటే నేను అడ్డం రాకుండా కూర్చోవడం కూడా అదే మొదలు.

అంతా అయ్యాక మళ్లీ మిషన్ వైపు తిరిగి, గుడ్డ సరిచేసుకుంది.

"మళ్ల పోదాం," అంది. "నేను చూసిన గదా అని మీరు ఆగకున్రి."